పేడపురుగు తాయెత్తు ఎందుకైంది?

ప్రశ్న: మా పొలంలో పేడ ఉండ దొర్లించే పురుగును ప్రాచీన ఈజిప్టువాళ్లు పూజించారట. కారణమేమిటి? – ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: అక్కడిది మన పురుగుకు దగ్గరి చుట్టం. ఉండను అది దొర్లించే తీరులో వాళ్లకు ఆకాశంలో సూర్యుణ్ని నెట్టే శక్తి కనిపించింది. అందుకే ఉదయసూర్యుడైన ఖెప్రి దేవుడికి ఈ పురుగునే ముఖంగా చెక్కారు. ‘ఖెపర్’ అంటే ‘ఉనికిలోకి రావడం’. మట్టిలోంచి పిల్లపురుగులు రావడం చూసి, తమంతట తామే పుడుతున్నాయనుకున్నారు. నిజానికి ఆడపురుగు భూమిలోపల బేరిపండు ఆకారపు ఉండ చేసి అందులో గుడ్డు పెడుతుంది. పైన దొర్లించేది చాలావరకు తిండికే.

ఈ పురుగు ఆకారపు తాయెత్తును ఎక్కువగా బలపపు రాయితో చేసేవారు. మెత్తన కాబట్టి చెక్కడం తేలిక. మెరుగుపూత పూసి కాలిస్తే గట్టిపడుతుంది. వీపున రెక్కల గీతలు, నిలువునా దారానికి బెజ్జం, చదునైన అడుగున పేరో బొమ్మో. దాన్నే ముద్రగానూ వాడేవారు.

అన్నిటికన్నా మనసును తాకేది గుండె తాయెత్తు. చనిపోయాక దేవతల ముందు మనిషి గుండెను తూచి మంచిచెడ్డలు తేలుస్తారని వాళ్ల నమ్మకం. అందుకే మమ్మీ ఛాతీ మీద ఉంచే ఈ రాతిపురుగు అడుగున ఒక వేడుకోలు ఉంటుంది: తూకం వేళ, ఓ హృదయమా, నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకు!