టెక్ సందేహాలు: ఫొటోలు క్లౌడ్‌లో ఉంటే ఫోన్‌లోవి తీసేయవచ్చా?

ప్రశ్న: విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తోందని చదివాను. మా పిల్లల ఫొటోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోనే ఉన్నాయి. ఇకమీదట అవి మన ఊళ్లో ఉంటాయా? హుద్‌హుద్ లాంటి తుపాను మళ్లీ వస్తే వాటి సంగతేమిటి? ఫోన్ నిండిపోయింది, ఇందులోవి తీసేయవచ్చా?
ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందుగా మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే తొందరపడితే నష్టం జరిగేది అక్కడే. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటోను మామూలుగా డిలీట్ చేస్తే అది ఫోన్ నుంచే కాక క్లౌడ్ నుంచి, అంటే ఇంటర్నెట్ ద్వారా మనం చేరుకునే గూగుల్ సర్వర్ల నుంచి కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉండి, ఆ తరువాత శాశ్వతంగా చెరిగిపోతుంది. ఫోన్‌లో మాత్రమే చోటు కావాలంటే, అదే యాప్‌లో పరికరంలోని స్థలాన్ని ఖాళీ చేసే ఎంపికను వాడాలి. అది బ్యాకప్ పూర్తయిన వాటిని మాత్రమే ఫోన్ నుంచి తొలగిస్తుంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోతే కొత్త ఫొటోల బ్యాకప్ ఆగిపోతుంది కాబట్టి, ఆ లెక్క కూడా ఒకసారి చూసుకోండి.

ఇక డేటా సెంటర్ విషయం. ర్యాకుల్లో పేర్చిన వేలాది సర్వర్లు, అవి పుట్టించే వేడిని నిరంతరం బయటికి పంపే శీతలీకరణ యంత్రాలు, కరెంటు పోయిన క్షణం నుంచి జనరేటర్లు అందుకునే వరకు భారం మోసే బ్యాటరీలు, ఒకటి తెగినా మరొకటి పనిచేసేలా వేర్వేరు దారుల్లో వచ్చే ఫైబర్ కేబుళ్లు కలిస్తేనే అది డేటా సెంటర్ అవుతుంది. డిస్కులు ఎప్పుడో ఒకప్పుడు పాడవుతాయన్న లెక్కతోనే పెద్ద సంస్థలు ఒక్కో ఫైలును ఒకటికి మించిన చోట్ల భద్రపరుస్తాయి. అందుచేత విశాఖలో కేంద్రం వచ్చినంత మాత్రాన మీ ఫొటోలు ఇక్కడికి తరలిరావు. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన ఆ కేంద్రం, అయిదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ప్రధానంగా కృత్రిమ మేధ అవసరాల కోసం తలపెట్టినది. దగ్గరగా ఉంటే ఫొటోలు త్వరగా తెరుచుకుంటాయని కూడా ఆశించనక్కర్లేదు: ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 1,000 కిలోమీటర్లు వెళ్లి రావడానికి సెకనులో వందో వంతు చాలు. ఆలస్యం చాలాసార్లు మన ఇంటి వైఫైలోనే ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో స్తంభాలు కూలాయి, కేబుళ్లు తెగాయి, సెల్ టవర్లు మూగబోయాయి. రోజుల తరబడి మనం ఈమెయిల్ తెరవలేకపోయామే గాని, దూరాన ఉన్న సర్వర్లలోని ఉత్తరాలకు ఏమీ కాలేదు. తెగిపోయింది వాటి దాకా వెళ్లే దారి మాత్రమే. తుపాను వల్ల మీ ఫొటోలకు వచ్చే ఇబ్బంది కూడా దాదాపు అలాంటిదే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒకే చోట ఒకే ప్రతి ఉండటం. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో క్లౌడ్ సేవలు అందించే ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయినప్పుడు, వేరే చోట బ్యాకప్ పెట్టుకోని ఖాతాదారులు తమ సమాచారాన్ని తిరిగి పొందలేకపోయారు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు చెలరేగి, ఉద్యోగుల ఫైళ్లు దాచిన వ్యవస్థలో 858 టెరాబైట్ల సమాచారం పోయింది. దానికి బయట మరో ప్రతి లేదు. గూగుల్ ఫైళ్లను పలు చోట్ల ఉంచుతుంది, నిజమే. కానీ మీ వేలు పొరపాటున డిలీట్ నొక్కితే ఆ ప్రతులన్నీ కలిసే పోతాయి, పాస్‌వర్డ్ పరుల చేతికి చిక్కినా అంతే. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కూడా. కాబట్టి ఫోన్ ఖాళీ చేసే ముందు ఫొటోలన్నీ ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకోండి. మన ఊరి ఉప్పుగాలికి లోహపు కనెక్టర్లు త్వరగా తుప్పు పడతాయి. దాన్ని గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి దాచండి.

ప్రశ్న: పూర్ణా మార్కెట్‌లో చిన్న దుకాణం నడుపుతున్నాను. ఒక్కోసారి కొన్నవారి ఖాతాలో డబ్బు తగ్గుతుంది, నాకు మాత్రం రాదు. అడిగితే సర్వర్ డౌన్ అంటారు. ఎవరి సర్వర్?
ఒక పాఠకుడు

జవాబు: మీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక సమాచారం చెల్లించేవారి యాప్ నుంచి, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ సర్వర్లకు, అక్కడి నుంచి వారి బ్యాంకుకు, తిరిగి కార్పొరేషన్ మీదుగా మీ బ్యాంకుకు వెళ్తుంది. వీటిలో ఏ ఒక్కటి వేళకు బదులివ్వకపోయినా చెల్లింపు మధ్యలో నిలిచిపోతుంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, దుకాణదారుకు చేసిన చెల్లింపు ఖరారు కాకపోతే ఆ డబ్బు 5 రోజుల్లోపు దానంతట అదే కొన్నవారి ఖాతాకు తిరిగి చేరాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. మీరు మాత్రం అవతలి వారి ఫోన్ తెరను చూసి సరుకు ఇవ్వకండి, మీ బ్యాంకు నుంచి మీకు సందేశం రావాలి. డబ్బు ఆగిపోయినప్పుడు లావాదేవీ వివరాల్లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరును (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్యను) ఇద్దరూ రాసుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు బ్యాంకు మొదట అడిగేది అదే.