అమ్మ ఆగిన చోట నువ్వెందుకు ఆగలేదు?

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అన్నయ్య ఇంటికని అమెరికాలోని ఐడహో వెళ్లి, ఇంటిల్లిపాదీ ‘క్రేటర్స్ ఆఫ్ ద మూన్’ లావా బీళ్లలో నడిచి వచ్చిన అనుభవాన్ని రాసి పంపావు. వాక్యం నడపడం నీకు వచ్చు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. ఈ ఉత్తరం రాయించింది నీ నాలుగో పేజీ. అగ్నిపర్వతం కక్కిన నల్లరవ్వ పరుచుకున్న వాలు మీద మీ అమ్మగారు వెనకబడి, నేలనంటిన తెల్లటి చిన్న మొక్కలను చూసి “ఎవరో ఎడం చూసి నాటినట్టే ఉన్నది బిడ్డా” అన్నారని రాశావు. ఆ వెంటనే “అందరం నవ్వుకున్నాం” అని, సెల్ఫీల సంగతిలోకి వెళ్లిపోయావు. నాకు కోపం వచ్చింది. ఆ రోజు మీ అందరిలో ఆ నేలను చూసిన మనిషి ఆమె ఒక్కరే.

ఆమె చూసింది మరుగుజ్జు బక్‌వీట్. నేల పైన నాలుగు అంగుళాలుండే ఆ మొక్క నీటి కోసం వేళ్లను మూడు అడుగుల దాకా చుట్టూ పరుస్తుంది. అందుకే ఒకదాని పక్కన మరొకటి బతకలేదు, చూసేవాళ్లకు మనిషి నాటినట్టే కనిపిస్తుంది. అక్కడ వాన, మంచు బొత్తిగా లేక కాదు, పడిన నీరంతా రవ్వలోంచీ పగుళ్లలోంచీ కిందికి దిగిపోవడం వల్ల ఆ నేల ఎడారి అయింది. పత్తి చేనులో సాలుకూ సాలుకూ ఎడం ఎందుకో తెలిసిన మనిషి కాబట్టి మీ అమ్మగారి కన్ను అక్కడ ఆగింది. నువ్వు అడగవలసిన ప్రశ్నను ఆమె నీ చేతికి అందిస్తే నవ్వి వదిలేశావు.

నడక గురించి రాసేవాడు గుంపులో అందరికంటే వెనక వచ్చే మనిషితో నడవాలని, కాలికింద ఏముందో తెలుసుకోకుండా కంటికి కనిపించే దూరాల గురించి ఒక్క వాక్యమూ రాయకూడదని నా గట్టి నమ్మకం. ఇన్ఫర్నో కోన్ అనే ఆ రవ్వ గుట్ట పైనుంచి కనిపించిన దృశ్యానికి పేజీన్నర ఇచ్చి, “చంద్రుడి మీద నడిచినట్టుంది” అని ముగించావు. చంద్రయాత్రకు శిక్షణ పొందుతున్న అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్, యూజీన్ సెర్నన్, జో ఎంగిల్ 1969లో అదే నేల మీదికి వచ్చింది అగ్నిశిలలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. వాళ్లే ముందు రాయిని చదువుకున్నారు, నువ్వు రాయిని దాటేసి చంద్రుణ్ని తెచ్చావు. నున్నగా మెలికలు తిరిగి గడ్డకట్టిన లావాను పహోయిహోయి అంటారు, చెప్పు అడుగును చీల్చేసే గరుకు లావాను ఆఆ అంటారు, రెండూ బసాల్టే, లావా చల్లారి అయిన నల్లరాయే. మీ నాన్నగారు వీటిలో దేని మీద పడ్డారు? అది చెప్పకపోతే ఆయన మోకాలు అంతగా ఎందుకు చీరుకుపోయిందో పాఠకుడికి ఎట్లా తెలుస్తుంది?

నేను రాయడం మొదలుపెట్టిన కాలంలో, బడిపంతులు జీతం ఇంటికే చాలని రోజుల్లో, ఆదివారాలు బస్సెక్కి ఆదిలాబాద్ పడమటి ఊళ్లకు వెళ్లేవాణ్ని. అక్కడి నల్లరేగడి, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కన్ మీద పారిన లావా చివికి ఏర్పడిన నేల. అది రాసి పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు రాళ్ల పేరాలన్నీ కొట్టేసి, భోజనం ఎక్కడ దొరుకుతుందో రాస్తే చాలన్నాడు. ఆ పేరాల కోసం నేను క్వారీలో రాయి కొట్టే మేస్త్రి పక్కన రోజంతా ఎండలో కూర్చున్నాను. ఆయన నల్లరాయిని సుత్తితో తట్టి, ఖంగుమంటే లోపల పగులు లేనట్టని చెప్పి, నా చేత కూడా తట్టించాడు. ఆ చప్పుడు అచ్చులోకి రాలేదు. ఫొటో కింద రెండు వరుసలు రాస్తే యాత్రా రచన అయిపోయిందనే ఇప్పటి ఫ్యాషన్‌కు పునాది వేసింది అటువంటి సంపాదకులే.

నువ్వు హనుమకొండలో పెరిగినవాడివి. 1213లో కట్టిన, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడిలో డోలరైట్ స్తంభాలను చిన్నప్పటి నుంచి చేత్తో తడిమే ఉంటావు. నేల లోపలి పగుళ్లలో చల్లారితే డోలరైట్ అయ్యే శిలాద్రవమే పైకి పారి చల్లారితే బసాల్ట్ అవుతుంది. ఆ దాయాది వరస తెలిసి ఉంటే ఐడహోను “ఏదో వింత గ్రహం” అనేవాడివి కాదు.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా వేయాలా అని అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను. ముందు మీ అమ్మగారి దగ్గర కూర్చుని, ఆ వాలు మీద ఎక్కడెక్కడ ఆగారో, రవ్వలో పాదం ఎంత దిగబడిందో, ఇంకా ఏమేం చూశారో అడుగు. ఆమె మాటలను ఆమె యాసలోనే ఉంచు, దిద్దకు. సెల్ఫీల పేరా తీసెయ్యి, శిఖరం మీది పేజీన్నరను పేరాకు కుదించు. నాన్నగారు పడిన రాయి ఏదో మీ అన్నయ్యతో ఫొటోలు తెప్పించుకుని తేల్చుకో. ఆ తర్వాత మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
హనుమకొండ నుంచి