భక్తి ఉన్న మెడికోలు టీకాలకు వెనకాడతారా?

దేవుణ్ణి గట్టిగా నమ్మే మెడికల్ స్టూడెంట్స్‌కి టీకాల మీద నమ్మకం తక్కువగా ఉంటుందా అని అడిగారు. నేను శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ చదివాను. మా బ్యాచ్‌లో భక్తి వల్ల టీకా వద్దన్నవాళ్లు నాకు కనబడలేదు. మనసులో సందేహం పెట్టుకుని, దానికి జవాబు దొరక్క వాయిదా వేసినవాళ్లు మాత్రం ఉన్నారు.

2021లో కోవాగ్జిన్‌లో దూడ సీరం, అంటే దాని రక్తంలోని ద్రవభాగం, ఉందని వాట్సాప్‌లో తెగ తిరిగింది. రోజూ పూజ చేసుకునే మా క్లాస్‌మేట్ ఒకడు ఆ మాట అడిగితే, "డాక్టర్ చదువుతూ ఇదేం ప్రశ్న?" అని ఒక సారు కసిరేశారు. వాడు మళ్లీ నోరెత్తలేదు, టీకా కూడా వేయించుకోలేదు. తర్వాత మైక్రోబయాలజీ పీజీ అక్క కూర్చోబెట్టి చెప్పింది: వైరస్‌ని పెంచడానికి ల్యాబ్‌లో వాడే వీరో కణాలు (కోతి కిడ్నీ నుంచి వచ్చినవి) ఎదగడానికే ఆ సీరం వాడతారు, ఆ తర్వాత కణాలను కడిగేస్తారు, తయారైన టీకాలో అది ఉండదు. అంతే, వెళ్లి వేయించుకున్నాడు.

రుబెల్లా టీకా వైరస్‌ని 1960లలో అబార్షన్ అయిన పిండం నుంచి తీసి, అప్పటినుంచీ ల్యాబ్‌లో పెంచుతూ వస్తున్న కణాల్లో పెంచుతారు. చర్చికి వెళ్లే స్నేహితురాలికి అది బాధగా ఉండేది. అలాంటి టీకాలను నిశ్చింతగా వాడవచ్చని 2017లో క్యాథలిక్ చర్చికి కేంద్రమైన వాటికన్‌లోని జీవన అకాడమీయే (పాంటిఫికల్ అకాడమీ ఫర్ లైఫ్) చెప్పిందని తెలిశాక కుదుటపడింది.

అసలు పరీక్ష ఊళ్లలో ఎదురవుతుంది. నరసన్నపేట వైపు పోస్టింగ్‌లో ఒకింటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పెద్దపిల్లకి ఆటలమ్మ పోసింది. చంటిదానికి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేయాల్సిన సమయం. "ఇంట్లో అమ్మోరుండగా సూది పొడిపిస్తే ఆయమ్మకి కోపమొస్తాది తల్లీ" అంది నాయనమ్మ. నాకేం చెప్పాలో తోచలేదు. నాతో ఉన్న అమ్మాయి పైడితల్లి అమ్మవారి భక్తురాలు, విజయనగరం పిల్ల. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, "పాపకి తలకి ఎప్పుడు పోస్తారు మామ్మా?" అని అడిగింది. అలా తలకి పోశాక వచ్చే బుధవారం తేదీని కార్డు మీద రాసి, ఆశా అక్కకీ చెప్పింది. ఆ రోజున చంటిదాన్ని తీసుకొచ్చారు. వాదించి ఉంటే వచ్చేవారు కాదనే నా నమ్మకం.

అందుకే కమ్యూనిటీ మెడిసిన్ క్లాసులో దూడ సీరం, కొన్ని టీకాల్లో కలిపే జెలటిన్ (జంతువుల నుంచి తీసేది), పిండం కణాల గురించి పిల్లలు అడగకముందే చెప్పేయాలని మా జూనియర్లకి పాఠాలు చెప్పేవాళ్లని నేను వేడుకుంటున్నాను.