జ్వరానికి ఒక్క రోజు, మచ్చలకి మూడు నెలలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళది బీహార్‌లో ముజఫర్‌పూర్ దగ్గర పల్లె. రెండేళ్ళ కింద అతని భార్యకి అక్కడ కాలా అజార్ (ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే జ్వరం జబ్బు) వస్తే గవర్నమెంట్ ఆస్పత్రిలో ఒక్క రోజు సెలైన్‌లో మందు ఎక్కించి పంపేశారట, తగ్గిపోయింది. ఇప్పుడు ముఖం మీదా చేతుల మీదా తెల్లమచ్చలు. ఒకరు బొల్లి అన్నారు, ఇంకొకరు కుష్టు అని భయపెట్టారు, చివరికి స్కిన్ డాక్టర్ టెస్టు చేయించి ఇది ఆ పాత జబ్బుదే అని మిల్టెఫోసిన్ మాత్రలు 12 వారాలు రాశారు. వాంతులొస్తున్నాయని ఆ అమ్మాయి మానేస్తానంటోంది. ఆ ఒక్క రోజు సెలైనే మళ్ళీ పెట్టించకూడదా?
- పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు మాత్రలు మానొద్దని చెప్పండమ్మా, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆ ఒక్క రోజు సెలైన్ ఊరికే రాలేదు. 1920ల్లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి గారు యాంటిమొనీ అనే లోహ పదార్థంతో చేసిన కాలా అజార్ మందు ఎన్ని ప్రాణాలు కాపాడిందో, తర్వాత అదే జాతి ఇంజెక్షన్లు దాదాపు నెలరోజులు రోజూ పొడిచేవాళ్ళు, గుండెకీ క్లోమానికీ ప్రమాదం ఉన్నా వేరే దారి లేక వాడారు, కానీ 1990లకి వచ్చేసరికి మీ వాచ్‌మన్ వాళ్ళ ముజఫర్‌పూర్ వైపే సగానికి పైగా రోగుల్లో అది పని చేయడం మానేసింది. కోర్సు సగంలో ఆపేయడం ఒక కారణం అంటారు, అక్కడి బోరు నీళ్ళలో ఆర్సెనిక్ మీద కూడా అనుమానం ఉంది. తర్వాత ఆంఫోటెరిసిన్ అనే మందు వచ్చింది. రోజు విడిచి రోజు 15 సార్లు ఎక్కించాలి, చలిజ్వరం, కిడ్నీల మీద దెబ్బ. అదే మందుని సన్నటి కొవ్వు బుడగల్లో పెడితే వచ్చింది మీరు చెప్పే ఒక్క డోసు, 2014 నుంచి మన ప్రభుత్వ వైద్యంలో అదే. దాన్ని చల్లగా దాచాలి, ఖరీదెక్కువ, మనకి డబ్ల్యూహెచ్‌ఓ ద్వారా ఫ్రీగా వస్తోంది కాబట్టి సరిపోయింది. ఇదే ఒక్క డోసు సూడాన్ వైపు అంత బాగా పని చేయలేదు, అది వేరే కథ.

ఆ బుడగలు ఎక్కువగా లివర్‌లో, ప్లీహంలో చేరతాయి. జ్వరం వచ్చినప్పుడు పరాన్నజీవి దాక్కునేది అక్కడే కాబట్టి దెబ్బకి పోతుంది. చర్మంలోకి మందు అంతగా చేరదు, అందుకే ఒక్క డోసుతో మచ్చలు పోవు. మన దేశంలో కాలా అజార్ తగ్గినవాళ్ళలో వందకి ఐదు నుంచి పది మందికి ఇలా మచ్చలొస్తాయి. కుష్టు మచ్చలో స్పర్శ పోతుంది, వీటిలో పోదు. నొప్పి లేదు, జ్వరం లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు, కానీ వాళ్ళూరెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు బాలూ మక్ఖీ అనే ఇసుక ఈగ ఆ మచ్చ మీద కుడితే జబ్బు ఇంకొకరికి పోతుంది.

మాత్ర కడుపునిండా తిన్నాక వేసుకోమనండి, వాంతులు చాలావరకు తగ్గుతాయి. అప్పటికీ ఆగకపోతే డాక్టర్‌కి చెప్పాలి, తనంతట తను ఆపకూడదు. మధ్యమధ్యలో లివర్, కిడ్నీ టెస్టులు తప్పవు. కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చూపు మసకైనా మాత్రం అదే రోజు చూపించాలి, ఈ మాత్రకి కంటి సమస్య ఉంది.

మీరు రాయని విషయం ఒకటుంది. మాత్రలు మొదలెట్టే ముందు ఆ అమ్మాయికి గర్భం టెస్టు చేశారా? ఇది కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి కోర్సు అయ్యాక కూడా కొన్ని నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. భర్త ముందు అడగడానికి డాక్టర్ మొహమాటపడ్డారేమో, మీరు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడగండి, చేయించకపోయుంటే రేపటి మాత్ర కంటే ముందే ఆ టెస్టు చేయించండి.