ఆక్సీకరణ ఒత్తిడి అంటే టెన్షనేనా?

ప్రశ్న: ‘ఆక్సీకరణ ఒత్తిడి వల్ల విస్తృత కేశ నష్టం సంభవిస్తుంది’ అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. నాకు కాన్పయి నాలుగు నెలలైంది. దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులుగా వస్తోంది. ‘టెన్షన్ పడబాకే, ఇంకా ఊడిపోద్ది’ అంటుంది మా అమ్మ. ఈ రెండు ఒత్తిళ్లూ ఒకటేనా? రాలడం అనాలా, ఊడడం అనాలా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: ఒకటి కాదు. మీ అమ్మగారు అంటున్నది మనసుకు సంబంధించినది. వ్యాసంలోది కణాల్లో జరిగేది. కణం ప్రాణవాయువును వాడుకునేటప్పుడు చురుకైన ఆక్సిజన్ అణువులు కొన్ని పుడతాయి. గ్లూటాథియోన్, కెటలేజ్ వంటి కణంలోని రక్షక పదార్థాలు వాటిని అణచి ఉంచుతాయి. వాటి అదుపు చాలక ఆ అణువులు పెచ్చుమీరితే కణంలోని కొవ్వులు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. దీనికి 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ అని పేరు పెట్టాడు. ఆ ‘స్ట్రెస్’ అనే మాటనే మన భౌతికశాస్త్ర పుస్తకాలు ‘ప్రతిబలం’ అన్నాయి, ఆరోగ్య వ్యాసాలు ‘ఒత్తిడి’ అన్నాయి. ఒత్తిడి అనగానే పరీక్షలూ అప్పులూ గుర్తొస్తాయి కాబట్టి చిక్కు వచ్చిపడింది. అయినా మాట స్థిరపడింది, ఇప్పుడు మార్చబోతే గందరగోళమే. మొదటిసారి వాడినప్పుడు ఒక్క వాక్యంలో వివరిస్తే సరిపోతుంది.

మీరు చదివిన వాక్యంలో నాకు అసలు అభ్యంతరం ‘వల్ల’ మీద. వల్ల అంటే కారణం తేలిపోయినట్టే. జుట్టు పలచబడిన వారిలో ఆక్సీకరణ ఒత్తిడి గుర్తులు ఎక్కువగా కనిపించాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అది కారణమో, పక్కన నడిచేదో ఇంకా తేలలేదు. మనోవేదన కూడా ఆ గుర్తులను పెంచగలదు కనుక అమ్మగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ‘విస్తృత కేశ నష్టం’ అయితే బీమా క్లెయిమ్ కాగితంలా ఉంది! నేనైతే ‘తలంతా జుట్టు పలచబడటంలో ఆక్సీకరణ ఒత్తిడికీ పాత్ర ఉండవచ్చు’ అని రాస్తాను.

మీ విషయంలో కారణం ఎదురుగానే ఉంది. గర్భంతో ఉండగా ఎక్కువ వెంట్రుకలు పెరిగే దశలోనే నిలుస్తాయి. కాన్పు తర్వాత హార్మోన్లు పడిపోగానే చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశకు చేరి, రెండు మూడు నెలలకు రాలడం మొదలవుతుంది. చాలామందికి ఏడాదిలోపు మళ్లీ ఒత్తవుతుంది. అప్పటికీ ఆగకపోతే రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి.

ఇక రాలడం, ఊడడం. కాలం తీరినవి రాలతాయి: ఆకు, పువ్వు, పండు. పట్టు వదిలినవి ఊడతాయి: పన్ను, చక్రం, చివరికి ఉద్యోగం. విశ్రాంతి దశ ముగిసిన వెంట్రుకకు ‘రాలడం’ చక్కగా అతుకుతుంది. రోజుకు 50 నుంచి 100 దాకా అందరికీ రాలేవే. నెల్లూరు వైపు ‘ఊడిపోతా ఉండాది’ అంటే తప్పేమీ లేదు, వాడుకలో రెండూ కలిసిపోయాయి. బిళ్లలు బిళ్లలుగా పోతే మాత్రం ఈ రెండూ చాలవు, దానికి ‘పేనుకొరుకుడు’ అని మనకు వేరే మాటే ఉంది, అది వేరే జబ్బు కూడా.