భూకంపం వస్తే ఏ ప్రాంతంలో నేల ద్రవంలా మారే ముప్పు ఉందో ముందుగా ఎలా అంచనా వేస్తారు?

వదులుగా పేరుకున్న ఇసుక నేల, పైపైనే ఉన్న భూగర్భ జలమట్టం, బలమైన ప్రకంపనలు వచ్చే అవకాశం, ఈ మూడూ కలిసే చోట్లను పటంపై గుర్తించి నేల ద్రవీకరణ ముప్పును అంచనా వేస్తారు. నీటితో నిండిన వదులు ఇసుక కుదుపులకు దగ్గరగా సర్దుకోబోతుంది; ఆ నీరు అంత త్వరగా బయటికి పోలేక పీడనం పెరిగి, రేణువులు ఒకదానినొకటి ఆనుకుని బరువు మోసే శక్తి నశించడంతో నేల కాసేపు చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాతా నగరంలో భూకంపం వచ్చినప్పుడు నేల ఇలాగే మారడంతో కొన్ని అపార్ట్‌మెంట్ భవనాలు పెద్దగా దెబ్బతినకుండానే పక్కకు ఒరిగిపోయాయి, ఒకటైతే దాదాపు నేలపై పడుకుంది. పటంలో ముప్పు ప్రాంతమని ఉంటే అక్కడి ప్రతి స్థలమూ కుంగుతుందని చాలామంది పొరబడతారు. నిర్మాణానికి ముందు ఎక్కడ బోరు వేసి నేలను పరీక్షించాలో మాత్రమే ప్రాంతీయ పటం సూచిస్తుంది.