కోనసీమ పెరట్లో పెద్ద కుక్కకు ఏ కంచె మేలు?

రాజోలు వైపు కొబ్బరితోటలో ఇల్లు, పెరట్లో పెద్ద జాతి కుక్క, పాత తాటాకు దడి కిందనుంచి అది తరచూ బయటపడుతోంది. బదులుగా ఏ కంచె వేయించాలన్నది మీ ప్రశ్న.

నా మటుకు పీవీసీ (ప్లాస్టిక్) పూత ఉన్న చైన్‌లింక్ మెష్‌నే, అంటే అల్లిన తీగల వలనే ఎంచుకుంటాను, ఎందుకంటే సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుప వల త్వరగా తుప్పు పడుతుంది, రేకులతో మూసేస్తే తుపాను గాలి వాటిని స్తంభాలతో సహా పడదోయగలదు, మెష్ అయితే గాలిని తనలోంచి పోనిస్తుంది. ఎత్తు 6 అడుగులు ఉండాలి.

అసలు చిక్కంతా కిందనే ఉంది. వానాకాలంలో మెత్తబడ్డ ఒండ్రుమట్టిని కుక్క ముందుకాళ్లతో ఇట్టే తవ్వేస్తుంది. అదే మట్టి ఎండాకాలంలో నెర్రెలు బారి స్తంభాలను వదులు చేస్తుంది. కాబట్టి సిమెంటు స్తంభాలను కనీసం 2 అడుగుల లోతున కాంక్రీటుతో బిగించి, మెష్ కింది అంచును అడుగున్నర మేర లోపలివైపుకు మడిచి, పైన మట్టి కప్పించండి. గేటు కింద 2 అంగుళాలకు మించి సందు వదలకండి. చాలామంది మరిచేది ఇదే. ముళ్లతీగ వద్దు, దూకబోయిన కుక్క పొట్ట చీరుకుపోతుంది. కంచె పక్కన కొబ్బరి డొక్కలు పోగు వేయకండి, దానికి అదే మెట్టవుతుంది.